కరెంటు పోయినా లేవని బిడ్డ

మా పత్రిక వరంగల్ ఎడిషన్‌లో నాకు దవాఖాన బీటు ఇచ్చిన రోజు ఎవరూ అసూయ పడలేదు. క్రైమ్‌కు పోటీ ఉండేది, రాజకీయాలకు పోటీ ఉండేది. ఆస్పత్రి వార్తలంటే కుక్కకాట్లు, వాంతులు, విరేచనాలు, మంత్రిగారి ఆకస్మిక తనిఖీ. "ఆడమనిషికి అదే నయం, ఎండల తిరిగే పని ఉండది" అన్నాడు ఒక సీనియర్. ఆ తర్వాత నేను తిరిగిన ఎండ ఆయన జన్మలో తిరిగి ఉండడు.

ఇప్పుడు రిటైరై ఇంట్లో ఉన్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి "అక్కా, హెల్త్ బీటు ఇచ్చిన్రు, ఎట్ల చెయ్యాలె" అని అడుగుతారు. ఇది వాళ్ల కోసం. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చిందో వాళ్లకు అక్కర్లేదు. నా పనిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసిన విషయం ఒకటుంది. అది ఎదిగే పిల్లల మెదడు. ఒంట్లో ఊరే హార్మోన్లు, ఇంట్లో ఉండే భయం, నోట్లో పడే మత్తు, ఇవి ఆ మెదడును ఎట్లా మలుస్తాయో రాయడం మా బీటులో చాలా కష్టమైన పని. సైన్సు సంగతి డాక్టర్లు చెబుతారు, అడిగితే మళ్లీ చెబుతారు. కాని అచ్చయ్యాక ఆ వార్త తిన్నగా ఎవరో ఒక తల్లి మీదికి పోతుంది. ఆ తల్లికి మనం మళ్లీ ఏదీ చెప్పలేం.

చూసినవా, ఇన్నవా

నాకు పని నేర్పింది మా డెస్క్ ఇన్‌ఛార్జి వీరస్వామి సార్. సుబేదారిలో మా ఆఫీసు మేడ మీద, కూలర్‌కు ఎదురుగా ఆయన కుర్చీ. ఏ వార్త తెచ్చినా తల ఎత్తకుండా ఒకటే అడిగేవారు: "చూసినవా, ఇన్నవా?" చూసిన ముక్క ఒక పేరాలో, విన్న ముక్క ఇంకో పేరాలో ఉండాలి. రెండూ కలిస్తే కాగితం వెనక్కి వచ్చేది.

పనిలో చేరిన కొత్తలో, ఒక ఇంటర్ హాస్టల్లో ఆడపిల్లలు పొద్దున ప్రార్థన లైన్లో వరసగా కింద పడిపోతున్నారని తెలిసి వెళ్లాను. ఆ హాస్టల్లో గాలి సోకిందని ఊరంతా అనుకుంటున్నారు. అదే రాసుకొచ్చాను.

"గాలి సోకిందని రాసినవ్. గాలిని చూసినవా?" అన్నారు సార్.

"లేదు సార్. పిల్లలు పడుడు చూసిన."

"ఐతె పడుడు గురించి అడుగు. గాలి సంగతి గాలికే ఇడిసిపెట్టు."

అట్లా అడగడానికి పోయినప్పుడే డాక్టర్ సలోమి పరిచయమైంది. ప్రభుత్వ ఆస్పత్రిలో పిల్లల డాక్టరు. పాలకుర్తి దిక్కు పల్లె నుంచి వచ్చిన మనిషి. ఆదివారం చర్చి ముగిశాక కూడా తెల్ల చీరలోనే వార్డుకు వచ్చి ఒక రౌండ్ వేసి పోయేది. నేను చెప్పిందంతా విని, "వాళ్లు ఎన్నింటికి లేస్తాన్రు?" అని అడిగింది.

"నాలుగింటికి లేపుతరట, స్టడీ అవర్‌కు."

"ఆ వయసుల నిద్ర తెచ్చే హార్మోన్ మన కంటె లేటుగ ఊరుతది సుజాతా. జల్ది పండుకోమంటె పండుకోలేరు. నాలుగింటికి లేపితె మనల్ని రెండింటికి లేపినట్టు. దాని మీద పరీక్షల భయం. భయం ఒక రోజు ఉంటె మంచిదే, చదివిపిస్తది. దినాం ఉంటె చదివింది తలకెక్కది. ఏం తినకుంట నిలబెడితె పడిపోరా మరి?"

అదే రాశాం. వార్డెన్ చదివి "మా కాలంల మేం లెవ్వలేదా" అని ఫోన్లో గొడవ పెట్టుకుంది. ఒక తండ్రి మాత్రం ఆఫీసుకే వచ్చాడు. "మా పొల్ల బద్ధకానికి మీరు హార్మోన్ అని పేరు పెట్టిన్రు మేడం. ఇగ అది లేస్తదా?" అని దిగులుగా అడిగాడు. చివరికి ఆ హాస్టల్ స్టడీ అవర్‌ను కాస్త వెనక్కి జరిపింది, లైన్లో నిలబెట్టే ముందు పిల్లలకు ఏదో ఒకటి పెట్టడం మొదలుపెట్టింది. పడిపోవడం తగ్గింది. గాలి ఎటు పోయిందో ఎవరూ అడగలేదు.

నేను అసలు చెప్పదలచుకున్నది దీని తర్వాత చాలా ఏళ్లకు జరిగింది.

కొత్తవాడలో

మా దగ్గర కల్లు రెండు రకాలు. చెట్టు కల్లు, మందు కల్లు. చెట్టు కల్లు చాలనప్పుడు కొందరు నీళ్లలో నిద్రమందులు కలిపి అమ్మేది మందు కల్లు. దానికి అలవాటు పడ్డవాళ్లకు రెండు రోజులు దొరకకపోతే చేతులు వణుకుతాయి, పిచ్చిమాటలు మాట్లాడతారు. అట్లాంటి వాళ్లను వార్డులో మంచాలకు కట్టేసి ఉంచడం నేను చూశాను. పెద్దల మెదడే అట్లా అయితే కడుపులో ఉన్నవాళ్ల గతి, పాలు తాగే వాళ్ల గతి ఏమిటని ఒక పెద్ద కథనం రాయాలనుకున్నాను.

ఆ మాట మా ఫొటోగ్రాఫర్ యాకయ్య చెవిన పడింది. యాకయ్యది కొత్తవాడ, మరమగ్గాల వీధి. "అక్కా, మా వెనుక సందుల ఒక బిడ్డ ఉన్నది. ఎప్పుడు చూసినా పండుకొనే ఉంటది. వాళ్ల నాయనమ్మ కల్లు తాపుతదట. అందరు అంటాన్రు" అన్నాడు. మధ్యాహ్నమే బండెక్కాం.

ముందు గదిలో రెండు మరమగ్గాలు. వాటి మధ్య మాట్లాడాలంటే చెవి దగ్గరికి వచ్చి అరవాలి. మగ్గం దగ్గర ఉన్నది ఇంటాయన శ్రీను. లోపలి గదిలో బిడ్డ పడుకున్న తొట్టెల, దాని పక్కన శ్రీను భార్య, బాలింత రజిత. గడపలో కూర్చొని నూలు కండెలు చుడుతున్నది శ్రీను తల్లి లచ్చవ్వ. తొట్టెల పండుగ అయి ఎంతో కాలం కాలేదు, కట్టిన రంగు కాగితాలు ఇంకా వేలాడుతున్నాయి.

పేపర్ వాళ్లమని, బాలింతల గురించి రాస్తున్నామని చెప్పాను. లచ్చవ్వ సంతోషపడింది.

"రాయి బిడ్డా. మా మనుమరాలి లెక్క బంగారు బిడ్డ ఈ వాడల లేదు. సతాయించది. ఆకలైనా ఏడ్వది. తొట్టెల ఊపే పనే లేదు. మా శ్రీనుగాడు పుట్టినప్పుడు తాడు అరిగిపోయింది."

"గింత చప్పుడుల ఎట్ల పండుకుంటది అవ్వా?" అన్నాను.

"కడుపుల ఉన్నప్పటి సంది ఇన్నది గద. నేతోళ్ల పిల్లలకు మగ్గం చప్పుడే జోలపాట. చప్పుడు బందైతెనే లేసి ఒర్లుతరు."

ఇది నిజమే. కొత్తవాడలో ఏ తల్లినడిగినా చెబుతుంది. మగ్గం నడుస్తుంటే పిల్లలు హాయిగా పడుకుంటారు, ఆగితే లేచి గొంతెత్తి అరుస్తారు.

తొట్టెలలోకి వంగి చూశాను. బిడ్డ కళ్లలో ఇంకా పసుపు ఛాయ ఉంది. పుట్టినప్పుడు వచ్చే పసుపు అప్పటికే పోవాలి, పోలేదు. చెయ్యి తాకితే ఎండాకాలంలో కూడా చల్లగా ఉంది. రజిత పాల కోసం లేపింది. చెంపలు నిమిరింది, అరికాళ్లు గిల్లింది. బిడ్డ కళ్లు తెరిచి బొంగురుగా ఒక మూలుగు మూలిగి, నాలుగు గుక్కలు తాగి మళ్లీ నిద్రపోయింది. "దినాం గిట్లనే అక్కా. లేపి లేపి తాపాలె" అంది రజిత, అత్తకు వినపడకుండా. మగ్గం చప్పుడు ఒక్కోసారి కోడళ్లకు పనికొస్తుంది.

అంతలో కరెంటు పోయింది.

మగ్గాలు ఒక్కసారిగా ఆగాయి. వాడంతా నిశ్శబ్దమైంది. వెంటనే ఎదురింట్లో ఒక బిడ్డ కయ్యిమన్నది. సందు చివర ఇంకొకటి మొదలుపెట్టింది. ఎవరో ఆడమనిషి "వచ్చిన, వచ్చిన" అంటూ ఉరుకుతున్నది.

మా తొట్టెలలో బిడ్డ కదలలేదు.

"సూసినవా" అంది లచ్చవ్వ గర్వంగా. "కరెంటు పోయినా లెవ్వది."

రజిత నావైపు చూసింది. ఆ చూపులో గర్వం లేదు.

నిద్ర గురించి అడుగు

బండి మీద వస్తూ యాకయ్య అన్నాడు: "కల్లే అక్కా. కల్లు లేకుంటె గట్ల పండుకుంటదా? ఫొటో మాత్రం జబర్దస్తుగ వచ్చింది. 'మత్తులో పసికందు' అని పెడితె స్టేట్ పేజీకి పోతది."

ఆఫీసులో సార్ ఫొటో చూసి పక్కన పెట్టారు. నేను చెప్పిందంతా విన్నారు.

"చూసినవా, ఇన్నవా?"

"నిద్ర చూసిన సార్. కల్లు సంగతి ఇన్న."

"కల్లు పోసుడు ఎవరన్న చూసిన్రా?"

యాకయ్య తల గోక్కున్నాడు. "వాడకట్టు మొత్తం అంటాంది సార్."

"వాడకట్టు ఇన్నది. నేనడుగుతాంది చూసినోళ్లను." నావైపు తిరిగి, "అమ్మా, నిద్ర గురించి అడుగు" అన్నారు.

డాక్టర్ సలోమికి ఫోన్ చేశాను. పసుపు కళ్లు, చల్లని చేతులు, బొంగురు గొంతు, కరెంటు పోయినా లేవకపోవడం చెప్పాను. మధ్యమధ్య ఆమె అడిగింది: బొడ్డు ఉబ్బి ఉన్నదా, నాలుక లావుగ కనపడ్డదా, విరేచనం సాఫీగ అవుతాందా, పుట్టినప్పుడు మడమ నుంచి రక్తం తీసి పరీక్ష చేసిన్రా. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు. కాన్పయిన మర్నాడే ఇంటికి వచ్చేశామని, ఏ పరీక్షా కాలేదని రజిత మాటల్లో చెప్పింది మాత్రం గుర్తుంది.

"చెవుడు కావొచ్చు. కల్లు కావొచ్చు. కాని నువ్వు చెప్పేదాన్ని బట్టి నాకు థైరాయిడ్ మీద అనుమానం" అంది. "గొంతుల చిన్న గ్రంథి. దాంట్ల ఊరే హార్మోన్ లేకుంటె పసిపిల్లల మెదడు ఎదగది. పెద్దోళ్లకు అది తక్కువైతె అలసట, లావు. మందు వేస్తె సర్దుకుంటది. పసిపిల్లలకు ఆ టైం పోతె, తర్వాత ఎంత మందేసినా పోయింది మళ్ల రాదు. రేపు పొద్దుగాల తీస్కరా. ఎల్లుండి అనకు."

ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. ఈ హార్మోన్ తక్కువైన బిడ్డ మంచి బిడ్డలాగా ఉంటుంది. ఏడ్వదు, సతాయించదు. ఏడ్చే బిడ్డను ఎత్తుకొని దవాఖానకు ఉరుకుతాం. ఏడ్వని బిడ్డను పొగుడుతాం. మగ్గాల వాడలో ఆ పొగడ్తకు మగ్గం చప్పుడు కూడా తోడైంది.

గడప మీద

మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి లచ్చవ్వ గడపకు అడ్డంగా కూర్చొని ఉంది. కండెలు లేవు. నన్ను చూసి లేవలేదు.

"మల్ల ఎందుకొచ్చినవ్? కల్లు సీస యాడున్నదో ఎతుకుతందుకా?"

యాకయ్య తెల్లారి చాయ్ హోటల్ దగ్గర ఎవరినో అడిగాడట, ఆ ఇంట్లో కల్లు తాపేది నిజమేనా అని. ఆ మాట నాకంటే ముందే సందులోకి చేరింది.

"నేను తాగుత బిడ్డా. దాచుడెందుకు. పొద్దుగూకితె సీసెడు తాగుత. పసిగుడ్డుకు పోసేంత పాపిష్టిదాన్నా? నా నోట్ల మన్ను పడ."

"అవ్వా, కల్లు సంగతి నేను రాయను. బిడ్డను ఒకసారి దవాఖానల చూపిద్దాం."

"దవాఖానకు పోతె ఏమంటరు? లచ్చవ్వ కల్లు పోసి బిడ్డను దవాఖానల పడేసిందంటరు. పోకుంటె గా మాట నిలవది. పోతె నిజమైతది. నేను పోనియ్య."

లోపల శ్రీను మగ్గం దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు, తల్లికి ఎదురు చెప్పలేక. దవాఖాన మాట విని రజిత తొట్టెలలోనే బిడ్డకు గుడ్డ చుట్టి సిద్ధంగా ఉంది. బయటికి అడుగు పెట్టాలంటే అత్తను దాటాలి.

థైరాయిడ్, హార్మోన్ అని చెబుదామని నోరు తెరిచి ఆగిపోయాను. ఆ మాటలు ఆమెవి కావు. డాక్టరు ఆ పొద్దే తీసుకురమ్మన్నది. ఆ గడప దగ్గర వాదిస్తే పొద్దు పోతుంది.

ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. "అవ్వా, మీ శ్రీను పసిగుడ్డుగ ఉన్నప్పుడు కరెంటు పోతె లేసెటోడా?"

"లెవ్వకనా. ఇల్లు పీకి పందిరేసెటోడు."

"మిగిలినోళ్లు?"

"నలుగురిని పెంచిన. నలుగురు లేసెటోళ్లు."

"నిన్న కరెంటు పోతె ఎదురింటి బిడ్డ లేసింది. సందు చివర బిడ్డ లేసింది."

లచ్చవ్వ తల తిప్పి, నడుస్తున్న మగ్గం దిక్కు చూసింది. తర్వాత మోకాళ్ల మీద చెయ్యేసి లేచింది. లోపలికి పోయింది.

"మగ్గం ఆపురా" అంది.

శ్రీను స్విచ్చి ఆపాడు. రెండోదీ ఆపాడు. ముగ్గురూ తొట్టెల చుట్టూ నిలబడ్డారు. పక్కింటి మగ్గం నడుస్తున్నా ఈ గదిలో నిశ్శబ్దం తెలుస్తూనే ఉంది. లచ్చవ్వ వంగి, బిడ్డ చెవి దగ్గర గాజుల చేతులతో చప్పట్లు కొట్టింది. మళ్లీ కొట్టింది. బిడ్డ కనురెప్పలు కొంచెం కదిలి మళ్లీ మూతపడ్డాయి.

"నేతోళ్ల బిడ్డ అనుకున్న" అంది లచ్చవ్వ, తనలో తనే. పైట చెంగు నడుముకు చెక్కి బిడ్డను తనే ఎత్తుకుంది. "ఆటో పిలువురా. ఏం సూత్తాన్రు గుడ్లప్పగించి. పిలువు."

డాక్టర్ గదిలో

సలోమి బిడ్డను పరీక్ష చేసి, రక్తం పంపించి, అదే రోజు ఫలితం తెప్పించుకుంది. అనుమానం నిజమే. వినికిడి పరీక్ష కూడా చేయించింది, చెవులు బాగానే ఉన్నాయి.

"కల్లు కాదు" అంది.

"గా మాట జర గట్టిగ చెప్పు బిడ్డా" అంది లచ్చవ్వ. "బయట మా ఆడిబిడ్డ ఉన్నది."

డాక్టరు నవ్వి గట్టిగానే చెప్పింది. ఆ వెంటనే అంతే గట్టిగా, "మరి నీ కోడలికి పాలు పడాలని ఏమన్న తాపుతాన్నవా?" అని అడిగింది.

లచ్చవ్వ నేల చూసింది. "గ్లాసెడు. మా అత్త నాకు పోసింది. నేను దీనికి పోస్తాన్న."

"ఇయ్యాల్టి నుంచి బంద్. దాంట్ల ఏం మందు కలిపిన్రో అమ్మేటోనికే ఎరుక. అది పాలల్ల పోతది. నీకు గ్లాసెడే, ఈ బిడ్డ మెదడుకు అది చెరువు. ఈ రోగం దానితోని రాలేదు. ఐనా బంద్."

దీన్ని నేను ఎప్పుడూ మరిచిపోలేదు. వాడకట్టు మాటలో ఒక మూల నిజం ఉంది. ఆ మూలను పట్టుకొని మొత్తం రాసి ఉంటే ఇంట్లో ముసలామె దోషి అయ్యేది, బిడ్డ రోగం తెలిసేది కాదు.

రజిత కొంచెం ముందుకు జరిగింది. "మేడం, నేను కడుపుతోని ఉన్నప్పుడు మా నాయిన చచ్చిపోయిండు. మస్తు ఏడ్సిన. దినాం ఫికర్ చేసిన. అందుకే ఇట్లయిందా?"

సలోమి కలం కింద పెట్టింది. "కాదు. గ్రంథి సరిగ తయారు గాలేదు. నీ ఏడుపుకు దానికి సంబంధం లేదు. నాయిన పోతె ఏడ్వకుంట ఎవరుంటరు? నెలల తరబడి కొట్టుడు, తిట్టుడు, తిండి పెట్టకపోవుడు, భయపడుకుంట బతుకుడు, గది బిడ్డకు తగుల్తది. గది ఉంటె చెప్పు, శ్రీనును ఇప్పుడే అడుగుత."

"లేదు మేడం" అంది రజిత, మొదటిసారి కొంచెం నవ్వి.

శ్రీను మాత్రలు చేతిలో పట్టుకొని ఉన్నాడు. పొద్దున్నే పరగడుపున, చెంచాలో తల్లిపాలతో నూరి పోయాలి, ఒక్క రోజూ తప్పొద్దు, ఇది నెలల మాట కాదు ఏండ్ల మాట అని డాక్టరు చెప్పింది. అతను కొంచెం ఆలోచించి అన్నాడు: "అంటె పడుగుల పోగు తెగినట్టు మేడం. చూసినప్పుడే అతికితె చిన్న ముడి పడ్తది, గంతే. చూడకుంట నేసుకుంట పోతె బట్టంత గీత."

"గంతే" అంది డాక్టరు. "కొంచెం నేసినాంక చూసినం. ఎంత గీత పడ్డదో ఇప్పుడే చెప్పలేను. ఇక్కడి నుంచి పడనియ్యొద్దు."

అచ్చయింది, అచ్చుకానిది

యాకయ్య తీసిన ఫొటో వేయలేదు. అతను రెండు రోజులు అలిగాడు. తర్వాత తనే ఆదివారాలు లచ్చవ్వ ఇంటికి పోయి మాత్రలు అయిపోయాయేమో చూసి రావడం మొదలుపెట్టాడు. అడిగితే "మా సందే గద అక్కా" అనేవాడు.

కథనంలో ఆ ఇంటి పేరు గాని, వాడ పేరు గాని లేవు. కరెంటు పోయినప్పుడు వాడంతా ఏడ్చి ఒక్క బిడ్డ ఏడ్వకపోవడంతో మొదలుపెట్టాను. హెడ్డింగ్ సార్ పెట్టారు. ఈ వ్యాసానికి నేను పెట్టుకున్నది అదే. నేను ఒకచోట "మందబుద్ధి" అని రాస్తే కొట్టేశారు. "ఆ బిడ్డ పెద్దగై చదువుతది. చదివేటట్టు రాయి" అన్నారు. మెదడు గురించి రాసే ప్రతిసారీ ఆ మాట గుర్తుచేసుకున్నాను. మనం ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లు రేపు చదువుతారు.

ఆ తర్వాత మగ్గాల వాడల నుంచి బిడ్డలను ఎత్తుకొని కొందరు తల్లులు ఓపీకి వచ్చారు. "మగ్గం ఆపినా లెవ్వలేదు మేడం" అని చెప్పేవాళ్లట. చాలామంది పిల్లలకు ఏ రోగమూ లేదు, కడుపునిండా తాగి పడుకున్నారంతే. ఒక కుర్ర డాక్టరు నన్ను చూసి "మేడం, మీరు కొత్త పరీక్ష కనిపెట్టిన్రు" అని ఎగతాళి చేశాడు. సలోమి మాత్రం, "అది పరీక్ష కాదు. కాని అసలు పరీక్ష దాకా తోలుకొస్తది" అంది. నాకు అది చాలు.

కొత్తగా వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఇదే. పిల్లల మెదడు మీద వార్త రాసేటప్పుడు పాఠకులకు దోషి కావాలి, డెస్కుకు దోషి కావాలి, మీకూ కావాలి. చాలాసార్లు దోషి ఉండడు. ఉన్నా, దోషిని పట్టుకోవడంతో బిడ్డకు ఒరిగేది తక్కువ. "తల్లి ఒత్తిడితో బిడ్డకు ముప్పు" అని హెడ్డింగ్ పెడితే, ఆ రాత్రి ఎన్ని ఇళ్లలో ఎంతమంది కడుపుతో ఉన్నవాళ్లు కొత్తగా ఒత్తిడి పడతారో ఆలోచించండి. ఆ మాట రాయక తప్పకపోతే, ఆమెకు ఒత్తిడి ఎవరి వల్ల వస్తున్నదో, ఆ ఇంట్లో ఎవరు ఏం మార్చగలరో కూడా అక్కడే రాయండి. వార్త చదివినవాళ్లు తెల్లారి లేచి చేయగలిగిన పని ఒకటైనా అందులో ఉండాలి. లేకపోతే అది వట్టి భయం.

ఇంకొకటి. మీ ఫొటోగ్రాఫర్‌తో చాయ్ హోటల్ దగ్గర జాగ్రత్తగా మాట్లాడమని చెప్పండి.

మొన్న

రిటైరయ్యాక మొన్న ఒక పని మీద కొత్తవాడ పోయి లచ్చవ్వ ఇంటి ముందు ఆగాను. ఆమె నడుము వంగింది. ఇప్పటికీ గడపలోనే కూర్చుంటుంది, కండెలు మాత్రం రజిత చుడుతుంది.

మనుమరాలు అన్విత బడికి పోతున్నది. మాటలు ఆలస్యంగా వచ్చాయి. లెక్కల్లో వెనకబడింది, పక్కన కూర్చొని రెండుసార్లు చెప్పాలి అంది రజిత. ముందే మందు పడి ఉంటే ఇంకా బాగుండేదా అని నేను సలోమిని ఒకసారి అడిగాను. "ఉండేదేమో" అంది ఆమె. "మందు పడకపోతె ఎట్లుండేదో మాత్రం నాకు తెలుసు." పొద్దున్నే మాత్ర ఇప్పుడు అన్విత తనే అడిగి వేసుకుంటుందట.

"ఎట్లున్నది అవ్వా నీ బంగారు బిడ్డ?" అన్నాను.

"ఏం బంగారం బిడ్డా. సతాయిస్తాంది. ఒక్క నిమిషం ఊకుండది. నిన్న నా కండ్లజోడు పెట్టుకొని వాడంత తిరిగింది. మా శ్రీనుగాడు నయం."

ఆమె మాట పూర్తికాకముందే కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. లోపల ఎక్కడో పుస్తకం కింద పడిన చప్పుడు, ఆ వెంటనే కాళ్ల చప్పుడు. ఒక పిల్ల మా ఇద్దరి మధ్య నుంచి దూసుకొచ్చి సందు నడుమ నిలబడి, గొంతు చించుకొని అరిచింది.

"కరెంట్ పోయిందీ..."

ఆ గొంతు ఇంకా కొంచెం బొంగురే. కాని సందు ఆ చివర దాకా వినపడింది.

ఎదురింటామె తలుపు తీసింది. "లచ్చవ్వా, మా మనుమడు ఇప్పుడే పండుకున్నడు. నీ మనుమరాలిని జర ఊకోమనరాదు."

లచ్చవ్వ గడప మీద ఇంకొంచెం సర్దుకొని కూర్చుంది.

"ఒర్లనియ్యి" అంది.